ఆరో సంపుటం దగ్గర ఆగిపోయిన తమ్ముడికి

ప్రశ్న: అన్నా, మాది నల్గొండ. ప్రైవేటు ఉద్యోగం. చిన్నప్పటి నుంచి స్పైడర్‌మ్యాన్ అంటే పిచ్చి. కొన్నేళ్ల కింద హైదరాబాద్ పోయినప్పుడు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత కామిక్స్ సంచికలను కలిపి కుట్టిన, 'ఎసెన్షియల్' అని లావుగా ఉండే నలుపు తెలుపు సంపుటాలు రెండు దొరికాయి. మిగతావి ఆన్‌లైన్‌లో వెతికి వెతికి ఏడు దాకా చేర్చాను. వరసగా చదువుతున్నాను. మొదటి రెండూ అన్నం మరిచిపోయి చదివాను. ఆ తర్వాత ఒక కథ బాగుంటే రెండు విసుగు. ఆరో సంపుటంలో స్పైడర్‌మ్యాన్ ప్రియురాలు గ్వెన్ చనిపోయే కథ చదివి రాత్రంతా నిద్ర పట్టలేదు. అదే పుస్తకంలో పది కథలు కూడా దాటకముందే స్పైడర్‌మ్యాన్ కారు నడుపుతున్నాడు! అక్కడ ఆగిపోయాను, నెలలు గడిచిపోతున్నాయి, ముందుకు పోవడం లేదు. పైగా ప్రతి కథలో వాడికి శక్తులెలా వచ్చాయో, వాణ్ణి పెంచిన బెన్ అంకుల్ ఎలా పోయాడో మళ్ళీ మళ్ళీ అదే చెప్తారు. నా దోస్తు ఏమో 'ఇది క్లాసిక్, వరస తప్పిస్తే నువ్వు ఫ్యాన్‌వే కాదు' అంటాడు. మా ఆవిడ 'చదవని పుస్తకాలకు అల్మారా ఎందుకు, అమ్మెయ్యి' అంటుంది. మా బాబు ఏడో తరగతి, వాడూ చదువుతానంటున్నాడు, ఎక్కడి నుంచి ఇవ్వాలి? రంగుల్లో వచ్చే పెద్ద ఆమ్నిబస్‌లు కొందామా అని కూడా మనసు లాగుతోంది. ఇంతకీ తప్పు నాదా, పుస్తకానిదా?

సమాధానం: తమ్ముడూ, తప్పు బైండింగ్‌ది. నవ్వులాటకు అనడం లేదు. 1973లో ఆ కథలు రాసినవాడు, బొమ్మలు వేసినవాడు, ఇవన్నీ ఒకనాడు ఇటుకంత లావు పుస్తకంగా కలిపి కుడతారని, నల్గొండలో ఒకాయన వాటిని రాత్రిపూట మంచం మీద పడుకుని వరసగా చదువుతాడని కలలో కూడా అనుకుని ఉండరు. అప్పట్లో సంచిక ధర 20 సెంట్లు. నెలకొకటి వస్తుంది, పిల్లలు కొంటారు, చదువుతారు, చేతులు మారుతుంది, చివరికి చిత్తుకాగితాల్లోకి పోతుంది. వచ్చే నెల కొనేవాడు పాత పిల్లవాడే అయి ఉండాలని కూడా లేదు. అందుకే ప్రతిసారీ సాలీడు కుట్టడం, బెన్ అంకుల్ చావు అన్నీ మళ్ళీ చెప్పాలి. నెలకొకసారి ఆ ముక్క చదివినవాడికి అది గుర్తు చేసినట్టు ఉంటుంది, ఒక్క రాత్రిలో ఆరు సంచికలు లాగించేవాడికి మాత్రం సుత్తి కొట్టినట్టే ఉంటుంది. నీ విసుగులో సగం దీని వల్లే. ఇక మీదట రోజుకు ఒక్క సంచిక, అంటే ఇరవై పేజీలు చదివి పుస్తకం మూసెయ్. ఇంకో పేజీ తిప్పాలనిపించినా సరే. కొన్నాళ్ళకు నువ్వే చెప్తావు, సగం కథల మీద కోపం తగ్గిందని.

మిగతా సగం మాత్రం నిజంగానే బాగుండవు. అందులో మొహమాటం ఎందుకు.

నీ ఆరో సంపుటమే తీసుకుందాం, అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ పత్రిక 114 నుంచి 137 దాకా సంచికలు. దీన్ని మించిన ఉదాహరణ దొరకదు. 116, 117, 118 ఒకసారి తిరగేసి చూడు, ఏదో అతుకుల బొంతలా అనిపించి ఉండాలి. అనిపించకేం, అది 1968లో వేరే పత్రికలో వచ్చిన పాత కథ. దాన్నే తీసుకుని అక్కడక్కడ బొమ్మలు మార్చి, మాటలు మార్చి, మూడు నెలలకు సర్దేశారు. ఎందుకంటే ప్రింటింగ్ తేదీ ఎవరి కోసమూ ఆగదు, కొత్తది చేతికి రాకపోతే పాతదానికి రంగేసి పంపాల్సిందే. దాని వెంటనే 119, 120లో మనవాడు కెనడా పోయి హల్క్‌తో కొట్టుకుంటాడు. ఆ తర్వాతి సంచికే 121. అదే నీకు నిద్ర లేకుండా చేసిన కథ.

121 మీద కాస్త ఆగుదాం, ఎందుకంటే మంచి సంచిక ఎంత మంచిదో తెలిస్తేనే మిగతావి ఎందుకు తేలిపోయాయో తెలుస్తుంది. ఆ కథకు పేరు మొదటి పేజీలో ఉండదు, గమనించావా? పేరు చూస్తే చావు ముందే తెలిసిపోతుందని కథంతా అయ్యాక చివరి పేజీలో వేశారు. గ్రీన్ గాబ్లిన్ అనే విలన్ గ్వెన్‌ను వంతెన మీంచి తోసేస్తాడు, స్పైడర్‌మ్యాన్ వదిలిన దారం ఆమె కాళ్ళను పట్టుకుంటుంది, ఆ బొమ్మలో ఆమె మెడ పక్కన 'స్నాప్' అని ఒక్క చిన్న ముక్క. చదివేవాడి కన్ను దాన్ని దాటిపోతుంది కూడా. తర్వాత స్పైడర్‌మ్యాన్ ఆమెను పైకి లాగుతూ తన తెలివికి తానే మురిసిపోతుంటాడు చూడు, అప్పుడు మళ్ళీ వెనక్కి తిప్పి ఆ చిన్న ముక్క చూస్తాం. ఎత్తు నుంచి పడటం వల్ల పోయిందా, దారం ఆపిన కుదుపుకు మెడ విరిగి పోయిందా అని పాఠకులు ఉత్తరాలు రాస్తే, 125వ సంచిక ఉత్తరాల పేజీలో కుదుపు వల్లేనని సంపాదకులే ఒప్పుకున్నారు. ఒక పిల్లల పత్రిక తన హీరో చేతుల మీదే ఆ పిల్ల ప్రాణం పోయిందని చెప్పడం ఆ రోజుల్లో మామూలు ధైర్యం కాదు.

122 చివరి పేజీ ఇంకా గొప్పది నా లెక్కలో. వాళ్ళ స్నేహితురాలు మేరీ జేన్ ఓదార్చడానికి వస్తుంది, పీటర్, అంటే ముసుగు తీసిన స్పైడర్‌మ్యాన్, ఆమెను నానా మాటలు అని పొమ్మంటాడు. అప్పటిదాకా పార్టీలు, డాన్సులు తప్ప ఏదీ పట్టనట్టుండే పిల్ల తలుపు దాకా పోతుంది, ఒక్క క్షణం నిలబడుతుంది, తలుపు వేస్తుంది, లోపలే ఉండిపోతుంది. అంతే. ఒక్క ఫైటు లేదు, తలుపు దగ్గర ఒక్క డైలాగు లేదు. నలుపు తెలుపులో అయితే ఆ పేజీ ఇంకా బరువుగా ఉంటుంది, ఆ విషయంలో నీ పాత సంపుటమే మేలు.

ఇది రాసిన జెర్రీ కాన్వేకు అప్పుడు ఎన్నేళ్ళో తెలుసా, ఇరవై. ఈ పత్రిక 111వ సంచికతో చేతికొచ్చే నాటికి పంతొమ్మిది. మన దగ్గర ఆ వయసు పిల్లలు డిగ్రీ సెకండియర్‌లో బ్యాక్‌లాగ్‌ల టెన్షన్‌లో ఉంటారు. అట్లాంటి కుర్రాడి మీద నెలనెలా కథ అనే బండ పెడితే ఒక నెల ఆకాశానికి ఎక్కుతాడు, ఇంకో నెల చేతికందింది రాసి పారేస్తాడు. గిల్ కేన్ బొమ్మలు, జాన్ రోమిటా ఇంకు కలిసిన ఆ 121లోనే చూడు, బొమ్మలో కనిపించేది బ్రూక్లిన్ వంతెన, మాటల్లో రాసింది జార్జ్ వాషింగ్టన్ వంతెన. మొత్తం వరసలో అందరూ నెత్తిన పెట్టుకునే సంచికలోనే తొందర అలా బయటపడింది. దాన్ని పట్టుకుని ఎవరూ ఆ కథను కొట్టిపారేయలేదు, నేనూ కొట్టిపారేయను.

ఇప్పుడు నిన్ను ఆపేసిన ఆ కారు. 129లో నేరగాళ్ళను వేటాడే పనిషర్ మొదటిసారి వస్తాడు, ఆ సంచిక బాగుంటుంది, రాస్ ఆండ్రూ వేసిన న్యూయార్క్ మిద్దెలు, వీధులు చూస్తుంటే కళ్ళు తిరుగుతాయి. మరుసటి నెల 130లో స్పైడర్‌మొబైల్. దారం పట్టుకుని మిద్దె మీంచి మిద్దె మీదికి ఊగేవాడికి కారెందుకు, ట్రాఫిక్‌లో ఇరుక్కోవడానికా! నీకొచ్చిన అనుమానం రాసినవాడికీ వచ్చింది. బొమ్మ కారు అమ్ముకునే ఆలోచనతో కథలో ఒక కారు పెట్టమని పైనుంచి మాట వచ్చింది, కాదనలేక పెట్టి, దాన్ని కథలోనే ఎగతాళి చేసి, 141లో తీసుకుపోయి నదిలో పడేశారు. అది తెలిసి చదివితే ఆ ముక్క అంత చెడ్డగా ఉండదు. ఆఫీసులో మేనేజర్ చెప్పిన పని ఇష్టం లేకుండా చేసేవాడి మొహం కనపడుతుంది ప్రతి పేజీలో. ఆ వెంటనే 131లో పీటర్‌ను పెంచిన మే ఆంటీ పెళ్ళికి కూర్చుంటుంది, పెళ్ళికొడుకు విలన్ డాక్టర్ ఆక్టోపస్. ఆమె పేర ఒక దీవి, ఆ దీవిలో అణు కేంద్రం వారసత్వంగా వచ్చాయట, వాటి కోసం! నేను దీన్ని మంచి కథ అనను కానీ నవ్వుకోవడానికి మాత్రం ఢోకా లేదు. ఇంకో సంగతి, 119లో కెనడాకు పోయింది ఎందుకో గుర్తుందా, మే ఆంటీ విషయంలో ఒక లాయర్ చెప్పాల్సిన మాట కోసం. ఆ మాట బయటపడేది ఇక్కడే. అంటే హల్క్ ఫైటని 119ని తోసేసినవాడికి ఈ పెళ్ళి గోల తలాతోకా లేకుండా కనిపిస్తుంది.

అందుకే నీకు నేను చెప్పే చదివే పద్ధతి వేరు. దోస్తు చెప్పినట్టు అక్షరం అక్షరం చదవక్కర్లేదు, అట్లని సంచికలకు సంచికలు ఎగరగొట్టడమూ వద్దు. ఈ పాత స్పైడర్‌మ్యాన్‌లో ప్రతి సంచికలో రెండు మూడు పేజీలు ఇంటి పేజీలు ఉంటాయి. అద్దె కట్టలేదు, మే ఆంటీకి ఒంట్లో బాగాలేదు, పేపర్ ఆఫీసులో బాస్ జేమ్సన్ కేకలు, గాబ్లిన్ కొడుకు, పీటర్ దోస్తు హ్యారీ ముభావంగా ఉన్నాడు, ఇట్లాంటివి. అసలు సీరియల్ నడిచేది ఆ పేజీల్లోనే. విలన్ ఆ నెలకు వచ్చిపోయే చుట్టం. కంగారూ వేషం వేసుకున్నవాడు వచ్చి ఎగిరినా, ఆ ఎగరడం పది పేజీలు చదవక్కర్లేదు, బొమ్మలు చూసి తిప్పెయ్, ఇంటి పేజీ రాగానే ఆగు. 121కి ముందు, తర్వాత హ్యారీ సంగతులన్నీ ఇట్లాగే చిన్న చిన్న ముక్కలుగా పేరుకుపోయి 136, 137లో పగులుతాయి. అక్కడ నీకు మళ్ళీ నిద్ర పట్టకపోవచ్చు, నువ్వు ఆగిపోయిన చోటికి ఆరు సంచికల దూరమే అది. కాబట్టి ఆరో సంపుటం పూర్తి చెయ్, మధ్యలో వదలకు.

ఇక మొత్తం వరసను ఎట్లా చూడాలంటావా. మన వైపు కల్లు తాగే పెద్దవాళ్ళను అడుగు, చెట్టు అదే అయినా గీసే గౌడన్న మారితే కల్లు మారుతుందంటారు. పుస్తకం వీపు మీది నంబరు చెట్టు పేరు మాత్రమే. గీసినవాడెవరో ప్రతి సంచిక మొదటి పేజీలో చిన్న డబ్బాలో ఉంటుంది, రాసింది ఎవరు, గీసింది ఎవరు, ఇంకు ఎవరిది అని. నువ్వు ఇన్నాళ్ళూ ఆ డబ్బా దాటేసి చదివి ఉంటావు, అందరం మొదట్లో అదే చేస్తాం. ఇక నుంచి ముందు దాన్ని చూడు. ఎప్పుడూ వేసే మనిషి పేరు పోయి కొత్త పేరు ఒక్క నెలకు కనిపించి మళ్ళీ మాయమైతే, చాలాసార్లు అది ఖాళీ నింపడానికి పెట్టిన కథ.

మొదటి రెండు సంపుటాలు నీకు ఎందుకు అంత నచ్చాయో కూడా ఆ డబ్బాలోనే ఉంది. 1962లో మొదలైన నాటి నుంచి 38వ సంచిక దాకా బొమ్మలు వేసింది స్టీవ్ డిట్కో ఒక్కడే. రచయితగా స్టాన్ లీ పేరు అందరికీ తెలుసు కానీ వాళ్ళ పద్ధతిలో కథను ముందు బొమ్మల్లో నడిపేది చిత్రకారుడు, పూర్తయిన బొమ్మల మీద లీ మాటలు రాసేవాడు. చివరి రోజుల్లో ఇద్దరికీ మాటలు కూడా లేవు, అయినా పని నడిచిందంటే ఆ పద్ధతి వల్లే. 33వ సంచిక, 1966 ఫిబ్రవరి, తీసి మళ్ళీ చూడు. నీళ్ళు కారుతున్న చోట స్పైడర్‌మ్యాన్ ఇనుప యంత్రం కింద ఇరుక్కుని ఉంటాడు, మే ఆంటీ ప్రాణం నిలిపే మందు సీసా చెయ్యి చాస్తే అందనంత దూరంలో నేల మీద. పేజీలకు పేజీలు ఒక్కటే పని, ఎత్తడం. బొమ్మలు పేజీ పేజీకి పెద్దవవుతూ పోయి చివరికి పేజీ అంతా ఒక్కటే బొమ్మ, యంత్రం లేచింది. ఇంత గొప్ప పని చేసినవాడు మూడు నెలలకే 36లో లూటర్ అనే ఒక దిక్కుమాలిన విలన్‌ని తెచ్చాడు. 38తో వెళ్ళిపోయాడు. మనసు ముందే వెళ్ళిపోయిందని నాకనిపిస్తుంది, అది నా ఊహ మాత్రమే. ఒకే చెయ్యి ఉన్నా ఎత్తుపల్లాలు తప్పలేదని చెప్పడానికి ఇదంతా.

39 నుంచి రోమిటా. మొదట్లో డిట్కో తిరిగి వస్తాడేమోనని అతని పద్ధతిలోనే వేయడానికి ప్రయత్నించాడాయన, తర్వాత తన చేతివాటం బయటికొచ్చి మనుషులందరూ అందంగా తయారయ్యారు. 42లో మేరీ జేన్ మొహం మొదటిసారి చూపించడం, 50లో పీటర్ తన స్పైడర్‌మ్యాన్ డ్రస్సు చెత్తబుట్టలో పడేసి పోవడం ఆయన చేతి మీదుగానే. నీకు మూడు, నాలుగు సంపుటాల్లో విసుగొచ్చిందంటే నేను కాదనను, అక్కడ ఒకటే రకం గొడవ తిప్పి తిప్పి పెట్టారు. ఐదులో 96, 97, 98 మాత్రం వదలొద్దు. మాదకద్రవ్యాల మీద కథ రాయమని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య శాఖే లీని అడిగింది, తీరా రాస్తే కామిక్స్‌కు సెన్సారు లాంటి కామిక్స్ కోడ్ వాళ్ళు ముద్ర వేసేది లేదన్నారు, 1971లో ఆ ముద్ర లేకుండానే అచ్చేశారు. ఆ తర్వాత 100లో మనవాడికి అదనంగా నాలుగు చేతులు మొలుస్తాయి, అది నీ ఇష్టం.

దోస్తు మాటకు వద్దాం. క్లాసిక్ అనే మాట రెండు వేర్వేరు సంగతులకు వాడతారు, వాడు రెండూ కలిపేస్తున్నాడు. గ్రీన్ గాబ్లిన్ మొదటిసారి వచ్చిన 14వ సంచిక సేకరించేవాళ్ళకు బంగారం, పాత అసలు ప్రతికి పెట్టే ధర వింటే మనం మిర్యాలగూడలో ప్లాటు గురించి ఆలోచిస్తాం. కథ చూస్తే సినిమా షూటింగ్ పేరుతో ఎడారిలోకి పోవడం, మధ్యలో హల్క్ ఎక్కడి నుంచో ఊడిపడటం, గాబ్లిన్ ఎగిరే చీపురుకట్ట మీద తిరగడం! తర్వాత గ్వెన్‌ను చంపబోయేది వీడేనా అనిపిస్తుంది. మొదటిసారి ఎవరో కనిపించారు కాబట్టి విలువ, అంతే. వరస తప్పించకూడదు అంటే నవ్వు ఆపుకోవడం కష్టం, ఎందుకంటే ఇవి అచ్చేసే మార్వెల్ కంపెనీయే 2013 నుంచి తెచ్చిన ఎపిక్ కలెక్షన్ సంపుటాలను వరసలో అచ్చేయలేదు. ముందు పదిహేడోది వచ్చిందనుకో, మూడోది ఎప్పుడో వస్తుంది. వాళ్ళకు లేని పట్టింపు మనకెందుకు.

మీ ఆవిడ మాటలో న్యాయం ఉంది, కోపం తెచ్చుకోకు. చదవని పుస్తకం అల్మారాలో ఉండటం ఆమెకు కష్టం, చదివిన పుస్తకం ఉండటం కాదు. ఏడింట్లో మూడు, నాలుగు పక్కన పెట్టి, వాటిలో మళ్ళీ చదవాలనిపించే సంచికలు ఏవైనా ఉన్నాయా అని నిజాయితీగా చూసుకో. లేకపోతే ఇచ్చెయ్. విడి సంపుటాలకు పెద్దగా రావు, ఆ డబ్బు మీద ఆశ పెట్టుకోకు, కానీ ఆబిడ్స్‌లో ఇచ్చి వేరేది తెచ్చుకోవచ్చు. ఒకటి, రెండు, ఐదు, ఆరు ఉంచుకో. వీపుల మీద నంబర్లు వరసగా లేకపోతే చూడటానికి పళ్ళూడినట్టు ఉంటుందని బాధపడతావేమో, రెండు వారాలు పోతే కన్ను అలవాటు పడుతుంది. ఏడోది పూర్తి చేశాక నిర్ణయించుకో, 149లో పీటర్‌కు నకలు మనిషి ఎదురయ్యే క్లోన్ కథ ఉంది, అది చదవాలి. అన్నట్టు ఆ సంపుటం ముగిసే 160వ సంచికలో, నదిలో పడేసిన కారు బాగుపడి తిరిగొచ్చి స్పైడర్‌మ్యాన్ మీదికే దూకుతుంది. నేను ముందే చెప్పాను, తర్వాత నన్ను అనొద్దు. ఒక జాగ్రత్త, ఎసెన్షియల్‌ల కాగితం నాసిరకం న్యూస్‌ప్రింట్, కిటికీ పక్కన పెడితే మన నల్గొండ ఎండలకు ఒక్క వేసవిలో పచ్చబడుతుంది.

బాబుకు మొదటి సంపుటం ఇవ్వకు. నువ్వు దాన్ని ప్రేమించావు కాబట్టి వాడూ ప్రేమించాలనిపిస్తుంది, కానీ ఆ పాతవాటిలో బుడగ నిండా మాటలు, బొమ్మలో కనిపించేదే మళ్ళీ మాటల్లో. ఏడో తరగతి పిల్లవాడికి ఆ ఇంగ్లీషు గుదిబండ. వాడికి 2000లో మొదలైన అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్ ఇవ్వు. బెండిస్ రాత, మార్క్ బాగ్లీ బొమ్మలు, ఇద్దరూ ఒక్క నెల కూడా చేతులు మారకుండా వరసగా 111 సంచికలు చేశారు, అందుకే అందులో ఎగుడుదిగుళ్ళు తక్కువ. పీటర్‌కు అందులో పదిహేనేళ్ళు, మాటలు మామూలుగా మాట్లాడుకున్నట్టే ఉంటాయి. దాని రుచి పట్టాక వాడే వచ్చి నీ లావు పుస్తకాలు అడుగుతాడు, అప్పుడు ముందు 33 చూపించు. 1987లో వచ్చిన క్రేవెన్ ఆఖరి వేట కథ ఎక్కడైనా దొరికితే నువ్వు తప్పక చదువు, మొత్తం ఆరు భాగాలు, మధ్యలో ఒక్క అతుకు లేదు. కానీ వాడికి ఇంకో మూడు నాలుగేళ్ళు ఇవ్వకు, అందులో ఆత్మహత్య ఉంది.

ఆమ్నిబస్‌ల సంగతి. కొనొద్దు అని చెప్పను, ఇప్పుడే వద్దు అంటాను. ముఖ్యంగా 1994 నుంచి 96 దాకా నడిచిన క్లోన్ సాగా సంపుటాలు రంగులు చూసి కొనకు. కొన్ని నెలల్లో తేల్చాల్సిన కథ, అమ్మకాలు బాగున్నాయని లాగి లాగి, ఒకే సమయంలో నాలుగు పత్రికల్లో నడిపి, ఇరవై ఏళ్ళుగా చదువుతున్న పీటరే నకిలీ అని చెప్పి, పాఠకులు తిడితే మళ్ళీ కాదని చెప్పి, నానా అవస్థ పడ్డారు. 1996 డిసెంబర్‌లో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది, కారణం ఇదొక్కటే కాదనుకో. ఆ సంపుటాలు కొంటే ఈసారి మీ ఆవిడ వైపే నేనూ మాట్లాడతాను.

డబ్బు పెట్టాలనే ఉంటే దాదాపు అన్నీ రోజర్ స్టెర్న్ రాసిన 1982 నుంచి 84 దాకా సంచికల మీద పెట్టు, 224 నుంచి 250 వరకు. జగ్గర్నాట్ అనే మహాబలుణ్ణి ఆపడానికి స్పైడర్‌మ్యాన్ పడే పాట్లు 229, 230లో ఉంటాయి, 33 నచ్చినవాడికి అవి నచ్చకపోవడం ఉండదు. వాటిలో 248 ముందు వెతుకు. సంచిక మొదటి సగం మామూలు ఫైటే, తిప్పేసుకో. రెండో సగంలో స్పైడర్‌మ్యాన్ గురించి వచ్చిన ప్రతి పేపర్ ముక్కా కత్తిరించి దాచుకునే ఒక చిన్న పిల్లవాడి గదికి ఆయనే వస్తాడు, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటారు, మొత్తం పదకొండు పేజీలు. చివరి పేజీ నేను చెప్పను. అది చదివాక ఇంకేమైనా కొనాలా వద్దా నువ్వే చూసుకో, నాకు మళ్ళీ ఉత్తరం రాయాల్సిన పని ఉండకపోవచ్చు.